ఘాటీ దారిలో మీ ట్రాక్టరుకు ఎంత ట్రాలీ కట్టాలి?

ట్రాలీ చేయించుకుందామని వెల్డింగ్ షాపుకి వెళ్తే ముందుగా వినపడే ప్రశ్న ఒకటే: "బండి ఎన్ని హెచ్‌పీ అన్నా?" నలభై అంటే ఒక సైజు, యాభై అంటే ఇంకో సైజు. అక్కడితో లెక్క తేలిపోతుంది. పార్వతీపురం కింద పల్లపు ఊళ్లలో ఈ లెక్కతో నెట్టుకురావచ్చు. ఒడిశా వైపు రాయగడ, కోరాపుట్ కొండల్లో కుదరదు. హెచ్‌పీ చెప్పేది బండి ఎంత లాగగలదో మాత్రమే. ఇక్కడ మనం తెలుసుకోవాల్సింది వేరే: దిగుడులో వెనకనుంచి తోసుకొచ్చే బరువుని ఆ బండి ఎంతవరకు ఆపగలదు?

గుణుపురం, బిసంకటక్ వైపు పత్తి వేసేవాళ్లు, ల్యాంప్స్ (ఆదివాసీ సహకార సంఘం) మండీకి ధాన్యం తోలేవాళ్లు, జేకేపూర్ కాగితం మిల్లుకి జామాయిల్ కర్ర వేసేవాళ్లు, పొట్టంగి నుంచి సుంకి ఘాటీ మీదుగా సాలూరు దిగేవాళ్లు... వీళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కొత్తగా ట్రాలీ కొనబోతుంటే డబ్బు చేతులు మారకముందే చదవండి. ఇప్పటికే ఉన్నా సరే, తూకం దగ్గరనుంచి మొదలుపెట్టండి. తమ ట్రాలీ లోడుతో ఎంత తూగుతుందో తెలిసిన రైతులు చాలా తక్కువ. లోడు బరువు తెలుసు, ఎందుకంటే దానికి డబ్బు వస్తుంది. ట్రాలీ బరువుకి ఎవరూ డబ్బివ్వరు కాబట్టి దాన్ని ఎవరూ అడగరు.

ముందు కాటా ఎక్కించండి

కంటి అంచనాలో తప్పు ఎంత వస్తుందో చిన్న లెక్క చూడండి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు తొట్టి అంటే 90 ఘనపుటడుగులు. ఘనపుటడుగు పొడి ఇసుక సుమారు 45 కిలోలు. అంచుల దాకా నింపితే 4 టన్నులు దాటింది. అదే ఏట్లోంచి అప్పుడే తీసిన తడి ఇసుకైతే ఇంకో అర టన్ను కలుపుకోండి. పైన కుప్పగా పోస్తే అది వేరే. ఇటుకలు ఒక్కోటి 3 కిలోల లెక్కన రెండు వేలు ఎత్తితే 6 టన్నులు. యాభై కిలోల ధాన్యం బస్తాలు వంద వేస్తే 5 టన్నులు. వీటన్నిటి మీద ఖాళీ ట్రాలీ బరువు ఉండనే ఉంది. ఇనుము మందాన్ని బట్టి అది టన్ను నుంచి రెండు టన్నుల దాకా ఉంటుంది.

అందుకని మీరు రోజూ వేసే లోడుతోనే, మీ డ్రైవరు సీట్లో ఉండగా, డీజిల్ నిండా పోసి ఏదైనా కాటాకి వెళ్లండి. కాటా బల్ల, దాని ముందూ వెనకా నేల ఒకే మట్టంలో ఉన్న చోటు చూసుకోండి. లేకపోతే సగం బండి కాటా మీద, సగం నేల మీద పెట్టినప్పుడు తూకం తప్పుతుంది. అయిదు తూకాలు తీయించండి:

ఒకటి, ట్రాక్టరు ఒక్కటే. రెండు, అదే ట్రాక్టరు ముందు చక్రాలు మాత్రమే బల్ల మీద. మూడు, లోడు ట్రాలీ తగిలించి, ట్రాక్టరు నాలుగు చక్రాలు బల్ల మీద, ట్రాలీ చక్రాలు బయట. నాలుగు, ట్రాలీ తగిలించి ఉండగానే ట్రాక్టరు ముందు చక్రాలు మాత్రం. అయిదు, ట్రాక్టరూ ట్రాలీ మొత్తం.

కాటా కుర్రాడు విసుక్కుంటాడు. అయిదు చీటీలకి డబ్బులిచ్చేస్తే ఊరుకుంటాడు. ఆ చీటీలు పారేయకండి, ఇక ముందు లెక్కంతా వాటిమీదే.

ఉదాహరణకు ఒక 45 హెచ్‌పీ బండి తీసుకుందాం. ట్రాక్టరు ఒక్కటే 2,050 కిలోలు. ముందు చక్రాల మీద 780. ట్రాలీ తగిలించాక ట్రాక్టరు చక్రాల మీద పడ్డ బరువు 2,900. అప్పుడు ముందు చక్రాల మీద 525. మొత్తం కలిపి 8,150. ఈ అయిదు అంకెల్లోంచి మనకు కావలసినవన్నీ వచ్చేస్తాయి. 8,150 లోంచి 2,050 తీసేస్తే లోడు ట్రాలీ 6,100 కిలోలు. 2,900 లోంచి 2,050 తీసేస్తే హుక్కు మీద పడుతున్న బరువు 850 కిలోలు. ట్రాలీ తగిలించాక ముందు చక్రాలు 255 కిలోలు తేలికయ్యాయి.

ఎన్ని రెట్లు అన్నదే అసలు లెక్క

పై బండిలో ట్రాలీ, ట్రాక్టరుకి దాదాపు మూడు రెట్లు ఉంది. ఇప్పుడు ట్రాలీకి బ్రేకు ఉందా లేదా అని చూడాలి.

మన దగ్గర తిరిగే ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకు ఉండదు. టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లలో కూడా బ్రేకు పట్టేది వెనక రెండు చక్రాలకే. అంటే ఎనిమిది టన్నుల సరంజామా అంతా రెండు టైర్ల పట్టు మీద ఆగాలి. విదేశీ ట్రాక్టరు కంపెనీల మాన్యువళ్లలో ఒక సూత్రం కనిపిస్తుంది: బ్రేకు లేని ట్రాలీ లోడుతో కలిపి ట్రాక్టరు బరువుకి ఒకటిన్నర రెట్లు దాటకూడదు, వేగం గంటకు 32 కిలోమీటర్లు మించకూడదు. ట్రాలీకి బ్రేకు ఉంటే 4.5 రెట్ల దాకా, గంటకు 40 కిలోమీటర్ల లోపు. అదైనా మంచి రోడ్డు మీద మాట.

ఘాటీకి నేను చెప్పేది ఇంకా గట్టిది. బ్రేకు లేని ట్రాలీతో సుంకి లాంటి దిగుడుకి వెళ్తే లోడు ట్రాలీ బరువు ట్రాక్టరు బరువుని దాటనివ్వకండి. పై ఉదాహరణలో అయితే రెండు టన్నులు. అందులో ఒకటిన్నర టన్ను ట్రాలీ ఇనుమే తినేస్తే మిగిలేది అర టన్ను సరుకు! "ఇలా అయితే వ్యవసాయం చేసినట్టే" అంటారని తెలుసు. సరిగ్గా ఆ కారణంతోనే కొండ ఊళ్లలో బ్రేకు ట్రాలీ కొనాలంటున్నాను.

ఎందుకింత పట్టుబడుతున్నానో అంకెల్లో చూడండి. పదిహేను అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు దిగే వాలు అనుకుందాం. ఎనిమిది టన్నుల బండిని ఆ వాలు కిందికి లాగే బలం 530 కిలోల పైన. పది అడుగులకి ఒక అడుగు దిగే చోట 800 కిలోలు. టైర్ల రాపిడి ఇందులో కొంత తగ్గిస్తుంది, అంతే. మిగతాది ఇంజనూ బ్రేకూ పట్టి ఉంచాలి, ఒక్క క్షణం కాదు, దిగినంతసేపూ. వేగం 20 నుంచి 40కి పెరిగితే ఆపడానికి ఖర్చయ్యే శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. ఎక్కుడులో బండి ఆగిపోతే కింది గేరుకి మార్చుకుని మళ్లీ ప్రయత్నించొచ్చు. దిగుడులో రెండో ప్రయత్నం ఉండదు.

మలుపులో ఇంకో చిక్కు. బ్రేకు లేని ట్రాలీ హుక్కు దగ్గర ట్రాక్టరుని వెనకనుంచి తోస్తూనే ఉంటుంది. దారి నేరుగా ఉన్నంతసేపు ఆ తోపు ముందుకే పోతుంది. ట్రాక్టరు మలుపు తిరగగానే అదే తోపు దాని తోకని పక్కకి నెడుతుంది. రోడ్డు తడిగా ఉన్నా, కంకర పోసి ఉన్నా వెనక టైర్లు జారి ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది, ట్రాలీ వచ్చి దానిమీద మడతపడుతుంది. ఇది మొదలయ్యాక స్టీరింగుతో చేయగలిగిందేమీ లేదు.

కొత్త ట్రాలీ చేయిస్తుంటే బ్రేకు ఉన్న ఇరుసు అడగండి. ట్రాక్టరు నుంచి హైడ్రాలిక్ లేదా గాలి గొట్టంతో పనిచేసే బ్రేకు ఉంటుంది. ట్రాలీ ముందుకి తోసినప్పుడు, ట్రాక్టరు హుక్కుకి తగిలించే ముందు రింగు వెనక్కి జరిగి తనంతట తానే పట్టే ఓవర్‌రన్ బ్రేకూ ఉంటుంది. మీ ట్రాక్టరుకి ఏది కుదురుతుందో కొనేముందే డీలర్ని అడగండి, ట్రాలీ వచ్చాక కాదు. పైన వేయించే రంగులకీ, బొమ్మలకీ, అంచుల స్టీలు పైపులకీ పెట్టే డబ్బు దీనికి పెట్టండి.

మీ మోడల్ సొంత బరువు, బ్రేకు పరీక్ష ఫలితాలు కావాలంటే మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ ట్రాక్టరు పరీక్షా కేంద్రం రిపోర్టులు చూడొచ్చు. షోరూం కాగితంలో పెద్ద అక్షరాల్లో ఉండేది హెచ్‌పీ, లిఫ్టు కెపాసిటీ. లిఫ్టు కెపాసిటీ అంటే వెనక పరికరాన్ని ఎత్తే బలం. ట్రాలీ లాగే లెక్కతో దానికి సంబంధం లేదు. రెండిటినీ కలిపి చెప్పే సేల్స్‌మన్ దగ్గర జాగ్రత్త.

హుక్కు మీద బరువు

నాలుగు చక్రాల ట్రాలీ తన బరువు తనే మోసుకుంటుంది, హుక్కు మీద పెద్దగా ఏమీ వేయదు. రెండు చక్రాల ట్రాలీ అలా కాదు. లోడులో కొంత భాగం ట్రాక్టరు వెనక మీద వేస్తుంది. అది కొంతవరకు మంచిదే, వెనక టైర్లకి పట్టు పెరుగుతుంది, బ్రేకు పట్టేది కూడా ఆ టైర్లకే. ఎక్కువైతే ముందు తేలుతుంది. తక్కువైతే వెనక తేలుతుంది. రెండూ ప్రమాదమే, రెండోది ఎవరూ గమనించని ప్రమాదం.

ముందు సంగతి చూద్దాం. స్టీరింగు మాట వినాలంటే ట్రాక్టరు సొంత బరువులో కనీసం 20 శాతం ముందు చక్రాల మీద ఉండాలి. మన ఉదాహరణలో 2,050కి 20 శాతం అంటే 410 కిలోలు. నాలుగో చీటీలో 525 ఉంది, కాబట్టి సమతల నేల మీద సరిపోయింది. ఎక్కుడులో ముందు ఇంకా తేలికవుతుంది. గేరు వేసి క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇంకా. ఇలాంటి లోడుతో ఘాటీ ఎక్కేవాళ్లు ముందు వెయిట్లు వేయించుకోవాలి. మీ నాలుగో చీటీ మీ బండి 20 శాతం లెక్క దగ్గరికి వచ్చేస్తే వెయిట్లు వేసినా ఆగండి, ముందు లోడు సర్దండి.

ఇప్పుడు వెనక. జామాయిల్ కర్ర వేసే ట్రాలీలు చూడండి. తొట్టి పొడవు కంటే కర్ర పొడవు. మిగిలిన ముక్క అంతా ఇరుసుకి వెనక వేలాడుతుంది. అప్పుడు ట్రాలీ ముందు భాగం హుక్కుని కిందికి నొక్కడానికి బదులు పైకి లేపుతుంది. మూడో చీటీలో బరువు ఒకటో చీటీ కంటే తగ్గిందంటే ఇదే జరుగుతోందన్నమాట. ట్రాక్టరు వెనక టైర్లు నేలని తేలిగ్గా తాకుతుంటాయి. గతుకులో తోక ఊగుతుంది. బ్రేకు తొక్కితే పట్టు ఉండదు. కర్ర మొదళ్లు ముందుకి పెట్టి, బరువంతా ఇరుసుకి కొంచెం ముందు పడేలా పేర్చండి. బయటికి పొడుచుకొచ్చిన చివరలకి పగలు ఎర్ర గుడ్డ, రాత్రి ఎర్ర లైటు.

పత్తి తీరు వేరు. బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. కాటా మీద అంతా బాగానే కనిపిస్తుంది. కానీ పలకల మీద పలకలు కట్టి, వల వేసి, ఇంటి గడపంత వెడల్పున్న దారిలో పక్కకి ఒరిగితే లేపేవాళ్లుండరు. పత్తి ట్రాలీకి వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ ఉండాలి. రోడ్డు అంచు మట్టిలోకి ఒక చక్రం దిగకుండా చూసుకోవాలి.

నీళ్ల ట్యాంకరు సగం నింపి తోలేవాళ్లకి ఒక మాట. నిండా ఉన్న ట్యాంకరు కంటే సగం ఉన్నది మొండిది. మలుపులో నీళ్లు ఒక పక్కకి, బ్రేకు వేస్తే ముందుకి ఒక్కసారిగా పోటెత్తుతాయి. లోపల అడ్డు పలకలు లేని ట్యాంకరుని కొండ దారిలో సగంతో తిప్పకండి. నింపండి, లేదా ఖాళీ చేయండి. నిండా 5,000 లీటర్లంటే 5 టన్నులని మళ్లీ గుర్తుచేస్తున్నాను.

పిన్ను, రింగు, గొలుసు

సీజను మొదట్లో ట్రాలీ రింగులోంచి పిన్ను తీసి వేలితో లోపలి అంచు తడిమి చూడండి. గుండ్రంగా ఉండాల్సిన బొక్క కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంటుంది. పిన్ను నడుము దగ్గర అరిగి సన్నబడి మెరుస్తుంటుంది. బండి కదిలినప్పుడు, ఆగినప్పుడు "టక్" మని వినిపించే శబ్దం అక్కడిదే. ఆ ఖాళీలో ట్రాలీ ప్రతిసారీ ట్రాక్టరుని ఒక దెబ్బ కొడుతోంది. మా వైపు డ్రైవరుని అడిగితే ఏమంటాడు? "బొక్క కొంచెం సాగింది గాని మావా, ఇంకో సీజను లాగేస్తాది." లాగడానికి లాగుతుంది. దిగుడులో బ్రేకు వేసినప్పుడు ఆ రింగు మీద పడే దెబ్బ లాగుడు కంటే పెద్దది. రింగు మార్పించండి. పాత రింగు మీదే వెల్డింగు పూసి బొక్క చిన్నది చేసే పని ఒప్పుకోకండి. కాలిన ఇనుము ఎక్కడ పగులుతుందో చెప్పలేం.

పిన్ను బదులు ఇంటికి వాడిన కడ్డీ ముక్కో, దొరికిన బోల్టో దోపడం చాలాచోట్ల కనిపిస్తుంది. పిన్ను రింగు సైజుకి తగ్గది ఉండాలి, కింద లాక్ పిన్ను ఉండాలి. లాక్ పిన్ను లేని పిన్ను గతుకుల్లో కొంచెం కొంచెం పైకి పాకి ఒకచోట ఊడిపోతుంది. ఎక్కడ ఊడుతుందన్నదే మీ చేతిలో లేదు.

ట్రాలీని ఎక్కడ తగిలించాలి? కంపెనీ ఇచ్చిన హుక్కుకో, డ్రాబారుకో మాత్రమే. పైన మధ్యలో ఉండే టాప్ లింకు చోట గొలుసు కట్టి లాగడం, బురదలో దిగిన బండిని అలా బయటికి తీయడం, ట్రాక్టరు నిలువునా వెనక్కి తిరగబడటానికి అతి దగ్గరి దారి. లాగే చోటు వెనక ఇరుసు కంటే పైకి వెళ్తే, ఎదురు బలం ముందు చక్రాలని గాల్లోకి లేపుతుంది. డ్రైవరు క్లచ్ తొక్కేలోపే అది అయిపోతుంది. హుక్కు ఎత్తు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ట్రాలీ నేల మట్టంగా ఉందా అని పక్కనుంచి చూడండి. ముందు ఎత్తుగా ఉంటే ట్రాక్టరు వైపు హుక్కుని కింది బొక్కకి మార్చండి.

గొలుసు ఎవరూ కట్టరు. కట్టండి. పిన్ను ఊడితే ట్రాలీ ఒంటరిగా కొండ దిగిపోకుండా ఆపేది అదొక్కటే. లోడు ట్రాలీ బరువుని ఆపగలిగేంత గట్టిది ఉండాలి. ఆవుని కట్టే గొలుసు పనికిరాదు. మలుపు తిరగడానికి సరిపడా వదులు ఉంచి, నేలకి రాసుకోకుండా కట్టాలి.

టైర్ల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. పొలంలో దమ్ముకి తగ్గించిన గాలి రోడ్డెక్కే ముందు మాన్యువల్‌లో రోడ్డు పనికి రాసినంత పెంచాలి. ట్రాలీ టైర్లు రెండు వైపులా ఒకే సైజు, ఒకే గాలి. వెనక టైర్లలో నీళ్లు నింపించి ఉంటే, వాల్వు పైకి పెట్టి నింపినప్పుడు నీళ్లు వాల్వు దాకా వచ్చాయో లేదో చూడండి. అదే 75 శాతం, అంతకు మించి వద్దు. ఒక టైరులో నీళ్లు ఉండి ఇంకో టైరులో లేకుండా మాత్రం నడపకండి.

దిగుడు మొదలయ్యే ముందు

పొట్టంగి నుంచి సాలూరు వైపు దిగేటప్పుడు ఘాటీ మొదలయ్యే చోట రోడ్డు పక్క ఖాళీ జాగా చూసుకుని ఆపండి. జాతీయ రహదారి 26 మీద లారీల రద్దీ ఎక్కువ కాబట్టి రోడ్డు మీదే ఆపొద్దు. ట్రాలీ చక్రాల కింద రాళ్లు పెట్టి ఇవి చేయండి.

రెండు బ్రేకు పెడళ్లనీ కలిపే లాచ్ వేయండి. పొలంలో మలుపుకి ఒక్కటే తొక్కడం అలవాటు. అదే కాలు రోడ్డు మీద ఒక్క పెడల్ మీద పడితే ఒక చక్రమే పట్టి బండి ఒక్కసారి అడ్డం తిరుగుతుంది. డిఫరెన్షియల్ లాక్ (వెనక రెండు చక్రాలనీ కలిపి తిప్పే లాక్) వదిలేశారో లేదో చూడండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే దిగేటప్పుడు అది వేసి ఉంచండి. అప్పుడు ముందు చక్రాలు కూడా ఆపడంలో పాలుపంచుకుంటాయి. అది ఎక్కుడుకి మాత్రమే అనుకునేవాళ్లు చాలామంది.

తర్వాత గేరు. ఈ లోడుతో ఇదే ఘాటీ ఎక్కాల్సి వస్తే ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులో దిగండి. ఇక్కడే వేసుకోండి, దారిలో మార్చకండి. క్లచ్ తొక్కిన క్షణం ఇంజను పట్టు పోతుంది, బండి వేగం అందుకుంటుంది, మళ్లీ కింది గేరు పడదు. గేరు ఎక్కువదైతే మధ్యలో మార్చుకోవచ్చులే అనుకోకండి, పూర్తిగా ఆపి మార్చాలి.

న్యూట్రల్ మాట ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే డీజిల్ మిగులుతుందని దాన్ని ఒక తెలివిగా చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గేరులో దిగుతూ ఆక్సిలరేటరు వదిలేస్తే చక్రాలే ఇంజనుని తిప్పుతాయి, పంపు డీజిల్ దాదాపు ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఇంజను తనని తాను తిప్పుకోవడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. మిగిలేదేమీ లేదు. పోయేది మాత్రం చాలా ఉంది.

బ్రేకు ఎడతెరిపి లేకుండా తొక్కి పట్టకండి. వేగం పెరుగుతున్నట్టు అనిపిస్తే గట్టిగా తొక్కి తగ్గించి, వదిలి, చల్లారనివ్వండి. మలుపుకి ముందే తగ్గించాలి, మలుపులో కాదు. ట్రాలీకి బ్రేకు ఉంటే కిందికి వచ్చాక హబ్బు దగ్గర చెయ్యి ఆనించకుండా దూరంగా పెట్టి చూడండి. ఒకవైపు సెగ వస్తూ రెండోవైపు చల్లగా ఉంటే ఒక చక్రమే పని చేసింది, సర్దించాలి.

చలికాలం ఉదయం పొట్టంగి చుట్టుపక్కల మంచు పట్టేస్తుంది. అప్పుడు ట్రాక్టరు ముందు లైట్లు మీకు దారి చూపించొచ్చు గాని, వెనక వచ్చే లారీకి మీ ట్రాలీ కనిపించదు. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు, పక్కల పసుపు, ముందు తెలుపు. బురద పట్టిన టేపు లేనట్టే లెక్క, గుడ్డతో తుడవండి. వెనక లైట్ల వైరు సాకెట్టులో పెట్టడం మరిచిపోయి, ట్రాలీ లైట్లు పనిచేయట్లేదని ఎలక్ట్రీషియన్ని పిలిచే వాళ్లని చాలామందినే చూశాను.

మనుషులు, కాగితాలు

చైత్రంలో మజ్జిగౌరమ్మ దర్శనానికి రాయగడకి ఊరంతా ఒక ట్రాలీ ఎక్కి రావడం మనకి కొత్తేమీ కాదు. బస్తాలకి తాడు కడతాం, మనుషులకి కట్టం. బ్రేకు లేని ట్రాలీలో ముప్పై నలభై మంది ఒకేసారి మలుపులో ఒక పక్కకి ఒరిగితే అది సగం ట్యాంకరుతో సమానం. ట్రాలీ సరుకుకి రిజిస్టరైన బండి. ప్రమాదం జరిగితే అందులో ఎక్కినవాళ్లకి బీమా డబ్బు రాబట్టడం కోర్టుల చుట్టూ తిరిగే పని. డ్రైవరు పక్కన ఫెండరు మీద పిల్లల్ని కూర్చోబెట్టడం కూడా ఇందులోకే వస్తుంది. ఎవరైనా "ఒక్క కిలోమీటరే కదా బావా" అంటే మాట పడినా సరే, దింపేయండి.

మోటారు వాహన చట్టం లెక్కలో ట్రాలీ విడిగా ఒక వాహనం. దానికి వేరే రిజిస్ట్రేషను, వేరే నంబరు. లాగే ట్రాక్టరు నంబరు ట్రాలీ వెనక కూడా కనిపించాలి. బీమా పాలసీలో ట్రాలీని చేర్చారో లేదో విప్పి చదవండి, ట్రాక్టరుకి ఉంది కదా అని సరిపెట్టుకోవద్దు. వ్యవసాయానికి రిజిస్టరైన బండితో ఇసుక, ఇటుక కిరాయికి తోలితే పట్టుబడినప్పుడు కంటే ప్రమాదమప్పుడు ఎక్కువ నష్టపోతారు. ఆంధ్రా నంబరు బండి ఏడాదికి మించి ఒడిశాలోనే ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. సరిహద్దుకి రెండు వైపులా పొలాలున్నవాళ్లు ఇది తరచూ వాయిదా వేస్తుంటారు.

మొదటి లోడు తర్వాత

కొత్త ట్రాలీ అయినా, కొత్తగా టైర్లు వేయించినా, మొదటి లోడు దింపగానే చక్రాల నట్లు మళ్లీ బిగించండి. కొత్త నట్లు మొదటి బరువుకి సర్దుకుని వదులవుతాయి. రింగు వెల్డింగు చుట్టూ రంగు పగిలి సన్న గీతలేమైనా వచ్చాయా, ఇరుసు కమాను పట్టీల బోల్టులు కదిలాయా, చట్రం ఎక్కడైనా వంగిందా చూడండి. పగులు కనిపిస్తే ఆ వెల్డింగు ఎవరు చేశారో వాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి, రెండో లోడు వేయకముందే. రెండో లోడుతో మళ్లీ కాటాకి వెళ్లండి. ఈసారి మూడో తూకం, నాలుగో తూకం చాలు.